నొప్పి పుట్టినప్పుడు

గోజో దీవిలో, చర్చి వెనక సందులో మందుల షాపు.
ఉప్పుగాలికి తుప్పు పట్టి షట్టరు సగమే లేస్తుంది.
నేను నడుం వంచి లోపలికి దూరడం మొదలై ఇది మూడో వారం.
కౌంటరు కింద, అట్టముక్క మీద
చెట్టీనా రాసిచ్చిన పాఠం:

బి.ఐ.డి. అంటే రోజుకు రెండుసార్లు.
టి.ఐ.డి. అంటే మూడు.
ఎ.సి. తిండికి ముందు, పి.సి. తిన్నాక.
హెచ్.ఎస్. పడుకోబోయే వేళ.
అడుగున ఎర్రసిరాతో: తెలియకపోతే అడుగు, ఊహించకు.
ఊహించినవాళ్ల వల్లే సమాధులకి చోటు చాలట్లేదు
అంటుందామె, రొట్టెముక్క నముల్తూ.

డాక్టరుగారి రాత మాత్రం
వాన వెలిశాక గోడ మీద నత్త నడిచిన దారి.

ఆ సాయంత్రం ఆమె లేదు.
జ్ఞానదంతం పీకించుకోడానికి విక్టోరియా వెళ్లింది.
వచ్చాడు విస్తీన్,
చర్చిలో గంటలు కొట్టేవాడు, డెబ్బై ఎనిమిదేళ్లవాడు.
టోపీ తీసి చంకలో పెట్టుకుని చీటీ చాచాడు.
కంటి మందు. ఒక చుక్క. ఓ.డి. హెచ్.ఎస్.

ఓ.డి. అంటే రోజుకొకసారి.
దానికి అట్టముక్కెందుకు, నిద్రలో లేపినా చెబుతాను.
లేబులు కొట్టాను:
రెండు కళ్లలో, రోజుకొక చుక్క, రాత్రి.
వెనక కాగితం ఒలుస్తున్నాను.

"అమ్మాయీ," అన్నాడు,
"ఎడమదాంట్లో పోస్తే
గాజుకి కూడా చూపొస్తుందంటావా?"

అప్పుడు చూశాను.
కుడి కన్ను నన్ను చూస్తోంది.
ఎడమది నా భుజం మీంచి
దగ్గు మందు సీసాల్ని చూస్తోంది, ఎటూ కదలకుండా.
ముప్పై ఏళ్ల కిందట, ఊరి పండగకి ముందు,
బాణసంచా కొట్టంలో
తమ్ముడి చేతిలో గొట్టం పేలిన రోజు పోయిందట.
తమ్ముడి సంగతి చెప్పలేదు.
నేను అడగలేదు.

చీటీ తనవైపు తిప్పుకున్నాడు.
"ఓకులుస్ దెక్స్టెర్. కుడి కన్ను.
నా చిన్నప్పుడు పూజంతా లాటిన్లోనే.
సగం అర్థమయ్యేది కాదు, మొత్తం నోటికొచ్చేది."
హెచ్.ఎస్. మీద గోరు ఆన్చి, హోరా సోమ్ని, అన్నాడు,
నిద్ర గంట.
గంటలు కొట్టే మనిషి కదా,
హోరా అన్న మాటని కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

నా చెవులు కాలాయి.
అవే రెండక్షరాలు,
మాత్ర పక్కన నిలబడితే రోజుకొకసారి,
చుక్క పక్కన నిలబడితే కుడి కన్ను.
లేబులు నలిపి జేబులో కుక్కాను.
కొత్తది చేత్తో రాశాను, మా మాల్టీసులోనే,
ఒక్క పొట్టి మాటా లేకుండా, లావు అక్షరాలతో.

అయినా కదల్లేదు.
కోటులోంచి ఒక మాత్రల సీసా తీశాడు.
"ఇది మా జూజాది."
సీసా మీద తేదీ పోయిన చలికాలానిది.
"పి.ఆర్.ఎన్. అని ఉంది. ఇది పూజలో రాలేదు."
అవసరమైతేనే వేసుకోవాలని, అన్నాను.
ఈసారి ఊహించలేదు, పుస్తకం తెచ్చి విప్పి చూపించాను:
ప్రో రే నాతా.
"నాతా," అన్నాడు. "పుట్టినది.
పుట్టినదాన్ని బట్టి."
ఆగి,
"నొప్పి పుట్టినప్పుడనా?"
అవునన్నాను.
"ఎప్పుడడిగినా పుట్టలేదనే చెప్పేది."
సీసా చెవి దగ్గర పెట్టి ఊపాడు.
లోపల చాలానే ఉన్నాయి.

వాడని మందులు వెనక్కి తీసుకునే పసుపు డబ్బా
కౌంటరు చివరే ఉంది.
రూలు ప్రకారం చూపించాలి.
చూపించలేదు.
చుక్కల మందు కుడి జేబులో, ఆ సీసా ఎడమ జేబులో వేసుకుని
షట్టరు కింద నాకంటే తేలిగ్గా వంగి వెళ్లిపోయాడు.
కాసేపటికి ఆరు కొట్టింది. ఆయనే.

మర్నాడు అట్టముక్క మీద
పెన్సిలుతో ఒక వరుస కలిపాను:
ఓ.డి. అని ఉంటే ముందు మనిషి ముఖం చూడు.
చెట్టీనా వాచిన బుగ్గతో వచ్చి
చదివింది, ఏమీ అనలేదు,
ఒక అక్షరదోషం దిద్దింది.