పిన్నీసు

లోపలికి వెళ్ళాలంటే
ఇనుమంతా గుమ్మం బయటే వదలాలి.
తాళాలగుత్తి, ఫోను, తలపిన్నులు నాలుగు,
కుచ్చిళ్ళ పిన్నీసు కూడా.
ఇరవయ్యేళ్ళుగా ఈ గదిలో
చీర చేత్తో పట్టుకునే తిరుగుతున్నాను.

మేకు లేని గది.
తలుపు బందులు ఇత్తడివి.
మధ్యలో దిమ్మె మీద
భూమి నాడి పట్టుకుని కూర్చున్న పరికరం.
దాని గీత పక్కగదిలో, తెర మీద.

మామూలు రాత్రుల్లో ఆ గీత
ఇస్త్రీ పంచె అంచు.
ఉప్పల్ మెట్రో పోతే సన్నటి వణుకు,
గేటు దగ్గర లారీ ఆగితే ఓ గతుకు.
దేనికి ఉలిక్కిపడిందో
చూడగానే చెప్పేస్తాను.

ఆ రాత్రి చెప్పలేకపోయాను.
పదీ నలభైకి చివుక్కున ఎగిరి
ఇక జారడమే:
యాభై, నూటపది, రెండొందల ఎనభై.
ఎలుకేమైనా మేకు కరుచుకుని దూరిందేమోనని
పిన్నులు తీసి, టార్చి పట్టుకుని
మూలమూలా వెతికాను.
ఎలుక లేదు.
రెండ్రోజుల కింద సూర్యుడు తుమ్మాడు,
తుంపర ఇప్పుడొచ్చి పడింది.

బయటికొచ్చి తలెత్తాను.
ఉత్తరదేశాల్లో జనం మేడలెక్కి
ఎర్రటి తెరలు చూస్తున్నారట.
మా హబ్సిగూడ మీద
వీధిదీపాల పసుపు, ఒక విమానం.
గేటు ముందు బిర్యానీ తెచ్చిన కుర్రాడు
ఫోను విదిలిస్తూ,
"మేడమ్, మ్యాపు నన్ను
రామంతాపూర్ చెరువులో నిలబెట్టింది!"

మర్నాడు మధ్యాహ్నం
హుస్సేనీ ఆలం నుంచి ఖుద్దూస్ భాయ్.
పావురాల మనిషి.
ఎప్పుడో సందర్శకుల రోజున వచ్చి
సూదుల గురించి వంద ప్రశ్నలడిగి
నంబరు తీసుకుపోయాడు.
"బేటీ, రాత్రి మీ సూది ఊగిందా?"
"ఊగింది భాయ్."
కాసేపు ఏమీ అనలేదు.
వెనక గింజల డబ్బా చప్పుడు.
"పొద్దున ముప్పై రెండు వదిలితే
పంతొమ్మిదే దిగాయి."

ఎంత ఊగిందో చెప్పడానికి
నా దగ్గర అంకె ఉంది.
ఆయన దగ్గరా ఉంది.
రిజిస్టరులో తుఫాను మొదలైన వేళ,
అట్టడుగుకి పడిన వేళ
సిరాతో రాశాను.
రిమార్కుల గడిలో, ఎవరూ అడగని చోట,
పెన్సిలుతో:
పావురాలు, పదమూడు.

నాలుగోనాటికి గీత
మళ్ళీ అంచులా సర్దుకుంది.
పిన్నీసు పెట్టుకుంటూ ఉంటే ఫోను.
"ఒకటొచ్చింది బేటీ. రెక్క నిండా బురద.
ఏ చెరువులో దిగిందో!"

రబ్బరు వెతికి
పదమూడు చెరిపి
పన్నెండు వేశాను.