ఐదో తూటా

కొండపల్లి అడవి అంచున మట్టిదిబ్బకి ఎదురుగా
బోర్లా పడుకున్నాం, పదిమంది క్యాడెట్లం.
మోచేతుల కింద పల్లేరుకాయలు.
విజయవాడ నుంచి బస్సులో వచ్చిన అమ్మాయిలు
అమ్మో అంటున్నారు.
నేను ఈ ఊరిదాన్నే,
ముళ్ళకి నేనూ, నాకు ముళ్ళూ తెలుసు.

హవల్దార్ దస్తగిరిది పొద్దుట్నుంచీ ఒకటే మాట:
"ముందు అట్ట చూడకండి, అట్ట వెనకాల చూడండి.
అది చూశాక, ఆ వెనకాల ఏముందో చూడండి."
అందరూ కిసుక్కుమన్నారు.
నేను నవ్వలేదు.

మా నాన్న బొమ్మలు చెక్కుతాడు.
నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండిన పొణికి దుంగలో
ఏనుగు చెవి తేలే చోట ఉలి టక్కున విరిగింది.
వెన్నలాంటి చెక్క అది, ఉలి విరిగే చెక్క కాదు.
తవ్వితే సీసం ముక్క,
సెనగ గింజంత, నలిగి, నల్లగా.
దాని చుట్టూ గాయం పూడ్చుకుంటూ
ఆ చెట్టు ఎన్నేళ్ళు పెరిగిందో.
ఎవరు దేన్ని కొట్టబోయారో,
కుందేలునో, సరదాకి నిలబెట్టిన ఖాళీ సీసానో,
తగల్లేదనుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటారు.
"తగలకపోవడం అంటూ ఉండదే," అన్నాడు నాన్న,
"దేనికో దానికి తగిలే ఆగుద్ది."

మనిషికి ఐదు తూటాలు.
ఒకటి. భుజంలో చిన్న తోపు.
రెండు, మూడు. చెవుల్లో దూదిని దాటుకుని
కొండ బదులు చెప్పింది.
నాలుగు.
ఐదోదానికి ఊపిరి సగం వదిలి ఆపాను.
అట్ట మీద నల్లటి కన్ను. అట్ట వెనకాల దిబ్బ.
ఆ వెనకాల
సీతాఫలం కొమ్మ ఊగింది.
గాలి లేదు.

వేలు తీసేసి చెయ్యెత్తాను.
"ఆపండి!"
నా గొంతే, నాది కానట్టు.
పది బోల్టులు తెరుచుకున్న చప్పుడు.

దిబ్బ పక్కనుంచి దిగాడొక కుర్రాడు,
మడిచిన లుంగీ నిండా కాయలు.
"ఎర్రజెండా కట్టాం కదరా, కనపళ్ళా?"
"కనపడింది సార్. పార్టీ మీటింగనుకున్నా."

దస్తగిరి తిట్టలేదు.
కాసేపు జెండా కేసి చూసి, జేబులోంచి చీటీ తీసి
'కాలిబాట మొదట్లో మనిషి' అని రాసుకున్నాడు.

మిగతావాళ్ళు తర్వాత కాల్చారు. నేను వద్దన్నాను.
సాయంత్రం గడ్డి దువ్వి ఖోకాలు ఏరితే
నలభై ఎనిమిదే తేలాయి.
బస్సు హారన్ కొడుతున్నా ఎవర్నీ కదలనివ్వలేదు.
చివరికి హేమలీల బూటు మడతలో దొరికింది ఇంకోటి.
నలభై తొమ్మిది ఖోకాలు, ఒక నిండు తూటా.
సంతకం పడింది.

జట్టులోకి నా పేరు రాలేదు.
రాత్రి నాన్న నా అట్టని బల్బుకి అడ్డం పట్టి
నాలుగు వెలుగు చుక్కలు లెక్కపెట్టాడు.
"ఐదోదేదే?"

స్టేషన్ దగ్గర
కాయలమ్ముకుంటున్నాడు నాన్నా.