వేలు జారితే

హూసుమ్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి పోతుంది.
ఫెడ్డెర్సన్ డాక్టరుగారి క్లినిక్‌లో ఫ్యాక్స్ మాత్రం
ఎక్కడికీ పోలేదు.
నేను చేరి ముప్ఫై ఒక్క ఏళ్లు,
అదే మూల, అదే గరగర గొంతు,
అదే వెచ్చటి కాగితం వాసన.

సోమవారం కొత్త సహాయకుడొచ్చాడు.
మనిషి కాదు. కుర్చీ అడగలేదు, కాఫీ అడగలేదు.
చెప్పింది రాస్తాడు, రాసింది పంపుతాడు.
పంపే ముందు ఒక్క మాట:
ఎవరెవరికి పంపవచ్చో మీరే రాసివ్వండి,
అందులో లేని నంబరుకు
నా చేతిమీదుగా ఒక్క పేజీ పోదు.

చేతుల్లేనివాడి మాట చూడు, అని నవ్వుకుని
కళ్లజోడు సవరించుకుని కూర్చున్నాను.

జిల్లా ఆస్పత్రి. అది కంఠతా వచ్చు.
వంతెన పక్క మందులషాపు, చివర రెండు ఏడులు.
ఫ్లెన్స్‌బుర్గ్ ల్యాబు.
పెల్‌వోర్మ్ దీవి మీద నర్సు ఇంకె పేటర్సన్:
గాలివానకు పడవలు ఆగిపోయిన రోజున
మందుల చీటీ ఆమెకు తీగ మీదే చేరాలి.
కీల్‌లో కళ్ల డాక్టరు...
రాయబోయి ఆగాను.
ఆయన పోయి రెండేళ్లు.
ఆ నంబరు ఇప్పుడెవరింట్లో మోగుతోందో.

ఇన్నాళ్లూ నా వేళ్లకు మాత్రమే తెలిసిన నమ్మకానికి
ఇప్పుడు గడులు గీశారు.
పేరు. నంబరు. ఎందుకు.

ఆ "ఎందుకు" దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
వేలు జారితే?

తొంభై ఎనిమిది నవంబరు. బయట అడ్డంగా వాన.
ఆరు నొక్కాల్సిన చోట దాని కింది తొమ్మిది నొక్కాను.
ఒకావిడ రొమ్ములో గడ్డ గురించి నాలుగు పేజీలు
(ఆమె పేరు ఇప్పటికీ చెప్పను)
ఆస్పత్రికి పోకుండా
బోయె టామ్‌సెన్ టైల్స్ కొట్టులో రాలాయి.

ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.
కోటు లోపలి నుంచి తీశాడు, బోర్లించి బల్ల మీద పెట్టాడు.
"మొదటి లైను చదివాను. తర్వాత తిప్పేశాను."
అంతే. టోపీలోంచి నీళ్లు కారుతున్నాయి.

ఆమె మొగుడికన్నా ముందు అతనికి తెలిసింది.
ఆదివారాలు చర్చిలో ఆ ఇద్దరి వెనకే కూర్చునేవాడు.
మరుసటేడు ఆమె స్నానాలగదికి నీలం టైల్స్ వేయించుకుంటే
సగం ధరే తీసుకున్నాడట, పాత సరుకని చెప్పి.
పాత సరుకు కాదు. డబ్బాలు నేను చూశాను.

ఈ ఊళ్లో నేను అందరికన్నా నమ్మేది బోయెనే.
నంబరూ తెలుసు, ఆస్పత్రికి ఒక్క అంకె తేడా.
అయినా అతని పేరు రాయలేదు.
ఎవరూ మళ్లీ బోయె అంత మంచిగా
ఉండాల్సిన అవసరం రాకూడదనే కదా
ఈ గడులు.

గురువారం సాయంత్రం ఒక కాగితం ఆగిపోయి ఉంది.
"ఈ నంబరు జాబితాలో లేదు.
ఉన్న ఒకదానికి చాలా దగ్గరగా ఉంది. చూస్తారా?"
డాక్టరుగారి దస్తూరీ. ఆయన ఆరు ఎప్పుడూ తలకిందులే.
సరిదిద్దాను. పంపమన్నాను.
చెవులు రిక్కించి గరగర వినేదాకా
కోటు తొడుక్కోలేదు.

శుక్రవారం బీపీ చూపించుకోవడానికి బోయె వచ్చాడు.
కొట్టు మూసి ఆరేళ్లయింది, మోకాళ్లు అరిగాయి.
కొత్త సహాయకుడి సంగతి ఎవరికో చెబుతుంటే విన్నాడు.
ఇన్నేళ్లలో మొదటిసారి ఎత్తాడు ఆ మాట,
కిటికీ వైపు చూస్తూ:
"అయితే వీబ్కె, ఇక నాకు రావన్నమాట."

"రావు," అన్నాను.

తల ఊపి, టోపీ ఒళ్లో పెట్టుకుని
గోడ వైపు మూడో కుర్చీలో కూర్చున్నాడు,
తన వంతు కోసం.