మూడో కడుగు

కృష్ణపట్నం రేవులో ఏడో షెడ్డు.
తలుపు తీయగానే కాలిన వాసన,
దాని వెనకే నాచు వాసన.
మధ్యలో ఇనుప పీట మీద
బోర్లించిన కోళ్ళగంపలా అది.
ముగ్గురేసి మనుషుల్ని లోపల పెట్టుకుని
రెండుసార్లు పైకి పోయి
రెండుసార్లూ సముద్రంలో పడింది.
మూడో ప్రయాణానికి ఇంకా నూట పన్నెండు రోజులు.

నా పని ఉప్పు కడగడం.
కాగితాల్లో దానికి పెద్ద పేరే ఉంది.
నాన్న అడిగితే మాత్రం కడుగుతా అంటాను.
"బోటు మాదిరేనా పాపా?"
"బోటు మాదిరే. నీళ్ళే వేరు."

బియ్యానికి లాగే మూడు కడుగులు.
మొదటిది మసితో నల్లగా జారుతుంది.
రెండోది చూపుకు తేటగానే ఉంటుంది,
నమ్మకూడదు.
మూడోదాన్ని గాజు గొట్టంలో పట్టి
మీటరు ఒప్పుకునేదాకా నిలబడాలి.
ఒక్కోరోజు ఒప్పుకోదు.
మళ్ళీ వెతుకుతాను:
బోల్టు మెడ కింద,
కిటికీ రబ్బరు మడతలో,
పారాచూట్ తాడు తగిలించే కొక్కెం సందున.
ఉప్పుకు తొందర లేదు.
ఒక్క రేణువు చాలు దానికి, ఒక ఏడాది చాలు,
ఇనుమును లోపల్లోపలే బిస్కత్తు చేస్తుంది.

ఇవి వేట ఆపిన రోజులు.
జువ్వలదిన్నెలో నాన్న బోటు ఒడ్డెక్కి ఉంది.
ఊరంతా ఫైబరుకు మారినా
పామంజి పోలయ్యది ఇంకా చెక్కదే.
సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం కాచి పోసి,
పలకను వేలి కణుపుతో కొట్టి వింటాడు.
"ఇది మారింది" అంటాడు.
మాకు అన్నీ ఒకే మోత.

ఇక్కడ జిలానీ బాషా అంతే.
యంత్రం బొమ్మ తీసి బాగుందని చెప్పాక కూడా
కవచం పలకకు చెవి ఆనిస్తాడు.
మొన్న ఒకదాన్ని పీకించాడు.
పగులు లేదు. బుడగ లేదు. ఏమీ లేదు.
రెండు రోజులు పని వెనక్కి పోయింది,
పైవాళ్ళు ఫోనులో కేకలేశారు.
ఆయన క్యారేజీ మూత పెట్టుకుంటూ
"లేదని తెలిసింది గదా" అన్నాడు.
మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

సీట్లు ఊడదీసిన రోజు
మూడో సీటు ఎడమ పట్టీ కింద
నాకో ఆవగింజ దొరికింది.
ఎవరో పైన తాలింపు తిన్నారు.
చెంచా తప్పించుకుని ఇది
ఎన్ని పగళ్ళు, ఎన్ని రాత్రులు
ముగ్గురి మొహాల ముందు తేలిందో,
దిగేటప్పుడు మాత్రం బుద్ధిగా పట్టీ కింద దూరింది.
ఫారం నింపాను.
పరాయి వస్తువు: ఒకటి.
బరువు: రెండు మిల్లీగ్రాములు.
ప్రమాదం: ఉండవచ్చు.

చక్కెర ఇంకాస్త పెట్టమంటే అమ్మమ్మ
ఆవగింజలో అరవయ్యో వంతు పెట్టేది.
ఆ రాత్రి ముత్తుకూరు బస్సులో లెక్క కట్టాను.
తలుపు అంచు సీలుకు మాకిచ్చిన వెసులుబాటు
సరిగ్గా అంతే.
ఆమె చేతిలో అది పిసినారితనం.
మా చేతిలో ముగ్గురి ఊపిరి.

నిన్న మూడో కడుగుకు మీటరు తలూపింది.
ఎవరూ చూడకుండా
ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాను.
తప్పే.
ఏ రుచీ లేదు,
నాన్న చెమటకు, మా ఇంటి బావికి,
నా చిన్నప్పటి నోటికి ఉన్న రుచి ఏదీ లేదు.
సంతకం పెట్టాను.

ఆదివారం జువ్వలదిన్నె పోతే
నాన్న గుగ్గిలం చేతులు ఇసకతో రుద్దుకుంటూ
రేవు ఆఫీసులో చెప్పిన తేదీ అడిగాడు.
అవునన్నాను.
"మీ బోటు పొయ్యే రోజు
మా బోట్లు కదలకూడదంట."
అవునన్నాను.
కాసేపు సముద్రం వైపు చూశాడు.
వంగి, కొత్తగా పోసిన సందును కణుపుతో కొట్టాడు.
ఈసారి
నాక్కూడా వినబడింది.