ఓ నెగటివ్ దొరకని రాత్రి

రక్తనిధిలో రాత్రి డ్యూటీ చేసేదానికి
రక్తపిశాచి ప్రేమకథలేటని
మా పోలమ్మ నవ్వుతుంది.
ఏం, మిఠాయి కొట్టువాడు
పెళ్లిలో లడ్డూ తినడా?

అల్లిపురం సందులో జోగినాయుడి అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి మూడు రూపాయలు, ఆలస్యమైతే ఐదు,
చివరి పేజీ చిరిగితే పుస్తకం ఖరీదంతా.
వారానికి నాలుగు తెస్తాను.
రెండు కోరల కథలు, రెండు బడి కథలు.
ఏడిపించేవి అసలొద్దు.
ఏడుపు నాకు కిటికీ అవతల వరండాలో
ఉచితంగానే దొరుకుతుంది.

ఇక నా అభిప్రాయాలు, ఎవరూ అడగకపోయినా:

కోరలున్నవాడు మూడొందల ఏళ్లు బతికినా
చొక్కా ఇస్త్రీ చేసుకోవడం రాకూడదు.
అమ్మాయి మెడ వైపు అంతసేపు చూసి, చూసి
"దోమ కుట్టిందా?" అని అడగాలి.
కోట, గబ్బిలాలు, అర్ధరాత్రి పియానో ఉంటే
పది పేజీల్లో పక్కన పడేస్తాను.
మా ఊరొచ్చి చూడమనండి వాణ్ని,
మే నెల ఉక్కలో ఆ నల్ల కోటు
జగదాంబ జంక్షన్ దాటకముందే విప్పేస్తాడు.
వెల్లుల్లి పడదట!
ఏ ఇంటికెళ్లినా ఆవకాయ జాడీ ఎదురొస్తుంది,
పూర్ణా మార్కెట్ పక్క వీధిలో అద్దెకు దిగి
ఎలా బతుకుతాడు పాపం?
"లోపలికి రండి" అని పిలిస్తేగాని
గడప దాటలేడన్న నియమం మాత్రం నాకిష్టం.
మగాళ్లందరికీ పెట్టాల్సింది.

బడి కథల్లో మాష్టారికి కోపం ఉండాలి,
కర్ర ఉండకూడదు.
అల్లరివాడు చివర్లో మారిపోయి
ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నాడంటే
నా మూడు రూపాయలూ నాకిచ్చేయాలి.
"అందరూ పగలబడి నవ్వారు" అని రాస్తారు కొందరు.
నేను నవ్వకుండా పేజీ తిప్పుతాను.
మా కంచరపాలెం బళ్లో, ఏడో తరగతిలో,
దాలినాయుడు మాష్టారి సొరుగులో
పీతని పెట్టిన రోజు
ఎవరూ నవ్వలేదు.
ఊపిరి బిగబట్టాం.
సొరుగు లాగీలాగగానే అది పైకెక్కొచ్చి
హాజరుపట్టీ మీద నిలబడింది.
మాష్టారు కళ్లజోడు సర్దుకుని
"నీ నెంబరెంత?" అన్నారు దాన్ని.

నిన్న రాత్రి రెండింటికి
ఓ నెగటివ్ అయిపోయింది.
పురుళ్ల వార్డు నుంచి మూడోసారి ఫోను.
జాబితాలో నెంబర్లన్నీ తిప్పాను.
కొన్ని మోగాయి, కొన్ని అసలు లేవట.
ఒకడు ఎత్తాడు, వస్తానన్నాడు,
గాజువాక నుంచి బండి మీద, వానలో.

తడిసిన జుట్టు, పాలిపోయిన మొహం,
సూది చూశాక ఇంకా పాలిపోయింది.
ఫారం మీద పేరు చదివాను: సుగ్గు బంగార్రాజు.
ఆ పీత వీడిదే.

"నువ్వేటే ఇక్కడ?" అన్నాడు,
"ఎన్నాళ్లయింది రక్తం తాగబట్టి?"
"పన్నెండేళ్లు. పిడికిలి బిగించు."
కళ్లు గట్టిగా మూసుకుని
పదమూడో ఎక్కం మొదలెట్టాడు.
పదమూడేడుల దగ్గర
అప్పట్లాగే ఆగిపోయాడు.
"తొంభై ఒకటి," అందించాను,
అప్పట్లాగే.

పరీక్షలయ్యాక పోలమ్మ సంచీ పట్టుకుని
మెట్ల మీద పరిగెత్తింది.
ఆ తర్వాత ఫోను మోగలేదు.
మోగకపోతే మంచిదే.

వాన తగ్గలేదు.
నాలుగు బిస్కెట్లూ తిని, మామిడి రసం తాగి
నా బల్ల మీది పుస్తకం తీశాడు బంగార్రాజు.
అట్ట మీద వెన్నెల, గులాబీ, రెండు కోరలు.
"ఇలాటివి చదువుతావా?"
"వాడికి ఇస్త్రీ రాదు," అన్నాను.
అది పొగడ్తని వాడికేం తెలుసు.
బల్లకి చేరగిలబడి మొదటి పేజీ తిప్పాడు.
నేను రిజిస్టర్ రాసుకుంటున్నాను,
రాస్తున్నట్టు కూచున్నాను.

నలభయ్యో పేజీ దాటాక ఎక్కడో
ముక్కుతో చిన్న శబ్దం చేశాడు.
ఎక్కడని నేను అడగలేదు.
దోమ దగ్గర.