ఒకటి కింద గీత

గుంటూరు పెద్దాసుపత్రి, పద్నాలుగో గది.
ముందు తూకం వెయ్యమంది మాలినీ మేడమ్.
ఇరవై రెండున్నర కిలోలు.
"చెప్పులకి తరుగు తియ్యరా?" అన్నాడు ఏసోబు,
యార్డులో మిర్చి టిక్కీలు మోసే మనిషి.

కొడుకు జోయెల్‌కి ఎనిమిదేళ్ళు.
కుళాయి దగ్గరే పొద్దు గుంకుతుందట.
వేళ్ళ సందులు నెర్రెలిచ్చాయి.

వయసుకింతని పుస్తకంలో ఉంది, రాత్రంతా వల్లెవేశాను.
ఆ చేతులు చూశాక కలం ఆగింది.
ఆగి, మాత్ర ఒకటి అని రాసేసింది.

మేడమ్ ఏమీ అనలేదు.
నా ఒకటి కింద చిన్న గీత గీసి
దాని కింద రెండు వేసింది.
"నిద్ర, ఆకలి, చిరాకు అడుగు.
చచ్చిపోవాలనిపిస్తుందా అనీ అడుగు.
పసివాడు కదా అని మానకు."

అడిగాను. గొంతు నాదిలా లేదు.
లేదన్నట్టు తలూపి, నేల చూస్తూనే
వాడు నన్నడిగాడు:
"మరి మిగతా సగం ఎవరిది?"
రేపటి నీది, అన్నాను.

మందుల కిటికీ దగ్గర్నించి వచ్చి
అక్కడే మాత్రని బొటనగోటితో విరవబోయాడు ఏసోబు.
గోటి సందున మిర్చి ఎరుపు.
"ముందు చేతులు కడుక్కోండి!"
నోరు జారాను.

అప్పుడు తలెత్తాడు జోయెల్,
తప్పిపోయిన తిరునాళ్ళలో
తనవాళ్ళెవరో కనిపించినట్టు.