ఏ నెల మంచిది, ఫెర్మీన్?

దోహాల నాకున్న గుట్ట ఒక్కటే,
టవర్ క్రేన్.
పొద్దుగాల నాలుగున్నరకు నిచ్చెన ఎక్కితే
తాగనీకె ఒక సీసా, పోయనీకె ఒక సీసా,
దిగుడు మళ్ల పొద్దుమూకినంకనే.

ఫెర్మీన్ కింద ఉండేటోడు.
అద్దాల పలకలకు పట్టీలు బిగించి, నా దిక్కు తలెత్తి
చూపుడువేలుతోని గాలిల సున్నా చుడితే: ఎత్తు.
అరచెయ్యి నేలకు వాల్చితే: దించు.
పిడికిలి బిగిస్తే: ఆగు, పాణం మీదికొచ్చింది.
ఆరేండ్లు మాకు గా మూడు మాటలే భాష.
తర్వాత చాయ్ కాడ కొంచెం హిందీ,
కొంచెం అరబ్బీ, మిగిలింది తిట్లు.

వాని ఊరు జకాతెకాస్.
సముద్రం మీదికెల్లి రెండువేల నాలుగు వందల మీటర్ల ఎత్తుల ఉంటదట.
గులాబిరంగు రాతి గుడి,
వెండి తవ్వి తవ్వి డొల్ల చేసిన గుట్ట,
ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు, ఇండ్ల మీదికెల్లి,
తీగ పట్టుకొని పోయే డబ్బా.
"వస్తే ఎక్కిస్త. నడిపేటోని తప్పులు పట్టొద్దు మల్ల" అన్నడు.

ఏ నెల మంచిదో చెప్పు, వస్త అన్న.
అడిగి రెండేండ్లయితుంది. ఫోన్ల ఇంకా చెప్తనే ఉన్నడు.

ఫిబ్రవరి వద్దట. గాలి.
రేకులు లేస్తయట, డబ్బా గూడ ఆపుతరట.
గాలి సంగతి నాకా చెప్తవు ఫెర్మీన్?
షమాల్ లేచిన దినం క్రేను చేతిని దానికే వదిలిపెట్టి
అది ఎటు తిప్పితే అటు తిరుక్కుంట కూసుంట.

ఏప్రిల్ అంటే ఎండ అన్నడు.
ఎంత?
ఇరువై ఎనిమిది.
నవ్వి నవ్వి చాయ్ మీద పోసుకున్న.

డిసెంబర్ల రాత్రిపూట బకెట్ల నీళ్లు గడ్డకడ్తయట.
నాకున్నది ఒక్కటే స్వెట్టర్,
అది గంగమల్లు కొంటవోయి ఇయ్యనే లేదు.

నవంబర్ గురించి చెప్పెటప్పుడు మాత్రం గొంతు తగ్గించిండు.
బంతిపూల రెక్కలు తెంపి
గోరీ కాడి నుంచి ఇంటి గడప దాక బాట పోస్తరట,
పోయినోళ్లు తొవ్వ తప్పకుండ.
ఫోటో పంపిండు. బతుకమ్మ ఆడిపోయినంక
నేల మీద మిగిలిన పూలే.
"గా నెల వాళ్లది. నీకు పాణం ఉంది గద,
ఇంకో నెలల రా."

ఆఖరుకు, ఇష్టం లేనట్టు, ఆగస్టు.
నాలుగు కొట్టంగనే వాన.
మెట్ల గల్లీలు వాగులైతయి, గుడి రంగు ముదురుతది,
నాగజెముడు పండ్లు ముండ్లు గీకి బండ్ల మీద అమ్ముతరు.
చూడ వచ్చేటోళ్లు ఉండరు, గదులు అగ్గువ.
"చెడ్డ కాలం. పొద్దంత దండుగ."

రోజూనా?
రోజూ.
నాలుగుకేనా?
ఒక్కోసారి నాలుగుంబావు.

ఫోన్ చెవికి పెట్టుకొని ఊకున్న.
ఈడ ఆగస్టుల ఇనుము ముట్టుకుంటే తోలు ఊడుతది.
గాలి నిండ నీళ్లే, కిందికి మాత్రం రాలయి.
క్యాబిన్ అద్దం మీద చెమ్మను వేలితోని తుడిస్తే
అవుతల సముద్రం, ఉడికిన గంజి లెక్క.
నాలుగు గంటలకు తడవనీకె
ఒక మనిషి ఎంత ఎత్తు ఎక్కాలె?

లీవు కాయిదంల 'ఎక్కడికి' అన్న గీత కాడ
ఆఫీసోళ్లే హైదరాబాద్ అని కొట్టేస్తరు, అడగరు.
ఈసారి పిడికిలి బిగించిన.
కౌంటర్ల నేపాలీ పిల్ల ఆగి చూసింది.
ఏ నెల?
ఆగస్టు.
ఏ ఊరు?

వీసా ఇస్తరో లేదో. టికెట్ పైసలు సగం గూడ లేవు.
ఇంటికాడ నర్సవ్వకు ఒక్క ముక్క చెప్పలే.
వెనక లైన్ల ఎవడో గొణుగుతుండు.
స్పెల్లింగ్ చెప్పు అంకుల్ అంటది పిల్ల.
నాకు రాదు.

చూపుడువేలు పైకి లేపి
గాలిల సున్నా చుట్టిన.